చేపలు అమ్ముడుపోని రోజున మీటింగు

ముప్పై మూడేళ్లకే రిటైరయ్యానంటే మా నాన్న నవ్వుతాడు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ ముందు ఇన్నేళ్లుగా నిలబడ్డ మనిషి, ఆయనకు నవ్వే హక్కుంది. కానీ నేను చేసిన ఉద్యోగంలో తొమ్మిదేళ్లు గడిపినవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. నాతో చేరిన వాళ్లంతా రెండో ఏడాదే బ్యాంకు పరీక్షలకు చదవడం మొదలుపెట్టారు. నేను పోయిన నెల వదిలేశాను. నా కుర్చీలోకి రాబోయే అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, పనేంటో ఒక్క ముక్కలో చెప్పవా?" అంది. ఫోన్లో నాకు మాటలు సరిగ్గా రావు. అందుకని రాస్తున్నాను.

ఒక్క ముక్క ఇదీ: బడి ఇంటిని తప్పు పడుతుంది, ఇల్లు బడిని తప్పు పడుతుంది, పేట రెండింటినీ తప్పు పడుతుంది. మధ్యలో ఒక పిల్ల ఉంటుంది. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టడం నీ పని. వాళ్లు కూర్చోరు.

మిగతాదంతా వివరాలే.

మీటింగులమ్మ

అపాయింట్‌మెంట్ లెటర్లో ఈ ఉద్యోగం పేరు చాలా పొడుగ్గా ఉంటుంది. విద్యార్థుల క్షేమం, తల్లిదండ్రుల భాగస్వామ్యం, సమన్వయం అని ఏవేవో ఉంటాయి. ఫిషింగ్ హార్బర్ పక్కన ఉన్న మా స్కూలు పిల్లలకు గానీ, వాళ్ల పేటలో పెద్దవాళ్లకు గానీ అది నోరు తిరగలేదు. నన్ను "మీటింగులమ్మ" అన్నారు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అంతకంటే సరైన పేరు లేదనిపించింది. తొమ్మిదేళ్లలో నేను చేసిందంతా మీటింగులు పెట్టడమే, వాటికి ఎవరూ రాకపోతే ఎందుకు రాలేదో ఇంకొక మీటింగులో చెప్పడమే.

మా హెడ్మాస్టరు రామ్మోహన్ గారు చెడ్డవాడు కాదు. పిల్లలంటే ఇష్టం. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. కానీ పేరెంట్స్ మీటింగు పేరెత్తగానే ఆయన నోట ఒకటే మాట వచ్చేది. "వీళ్లకి పిల్లల మీద శ్రద్ధ లేదమ్మా. ఉంటే రారా?" మీటింగు ఎప్పుడంటే, పనిరోజు ఉదయం పదిన్నరకు. ఆ సమయంలో ఆయనకు ఖాళీ. ప్రపంచమంతా అప్పుడు ఖాళీగానే ఉంటుందని ఆయన నమ్మకం.

నాకు జీతమిచ్చే సంస్థ మేనేజరు గారికి ఫొటోలు కావాలి. "ఖాళీ కుర్చీలు ఫ్రేములోకి రాకుండా చూసుకోండి" అనేది ఆవిడ. చూసుకున్నాను. పక్కనుంచి ఎలా తీస్తే పది మంది ముప్పై మందిలా కనబడతారో నేర్చుకున్నాను. మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు ఆడవాళ్లు మూడేళ్ల పాటు నా ఫొటోల్లో తల్లులుగా కూర్చున్నారు. వాళ్లలో ఒకామెకు పిల్లలే లేరు. ఈ సంగతి నువ్వు చేరబోయే ముందు తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే నీకూ ఆ ఫొటోలు చూపించి, "ఇదివరకు ఇంతమంది వచ్చేవారు" అంటారు.

ఆదివారం

మొదటి ఏడాది నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. తల్లులు రోజూ పనికెళ్తారు కాబట్టి మీటింగు ఆదివారం పెడదామన్నాను. హెడ్మాస్టరు గారు తన ఆదివారం పోతుందని కాస్త గొణిగి ఒప్పుకున్నారు. ఆ రాత్రి డైరీలో నన్ను నేను మెచ్చుకుంటూ పేజీన్నర రాసుకున్నాను. అది ఇప్పుడు చదవలేను.

అరవై కుర్చీలు అద్దెకు తెచ్చాం. ఇద్దరు వచ్చారు. ఒకాయన పోర్టులో డ్రైవరు. రెండో మనిషి ఎవరో పిల్లాడి మామ్మ, ఆమె కూడా దారిలో పోతూ షామియానా చూసి ఎవరి పెళ్లో అనుకుని లోపలికొచ్చింది. సంగతి చెప్పగానే నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మా! ఆదోరం పొద్దున్న సేపలోళ్లని మీటింగుకి పిలిసేవా? ఊరోళ్లందరూ సేపలు తినీదెప్పుడనుకున్నావు?"

మా ఇంట్లో ఆదివారమంటే నాన్నకు సెలవు. మా తాతలు విజయనగరం వైపు పొలం పనులు చేసుకున్నవాళ్లు. సముద్రంతో మాకున్న సంబంధమల్లా ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు. ఆ రోజు కూడా కుర్చీలు తిరిగి అప్పజెప్పి ఇంటికెళ్లి, అమ్మ వండిన కానాగంతల పులుసు వేసుకుని రెండు సార్లు అన్నం తిన్నాను. ఆ చేపల్ని పొద్దున్నే ఎవరో ఒక తల్లి మా వీధిలోకి మోసుకొచ్చి అమ్మిందనీ, ఆమె మా మీటింగుకి రాకపోవడానికి కారణం మా ఇంటి గిన్నెలోనే ఉందనీ తింటున్నంతసేపూ తట్టలేదు. సోమవారం హెడ్మాస్టరు గారు, "చూశారా, ఆదివారం పెట్టినా రారు" అన్నప్పుడు మాత్రం తట్టింది.

ఇంకొకటి కూడా ఉంది. ఏడాదిలో రెండు నెలలు, ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే రోజులని వేట ఆపేస్తారు. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. పేట మొత్తం ఇంటి పట్టునే ఉంటుంది. ఆ రెండు నెలల్లో ఎక్కువ భాగం స్కూలుకు వేసవి సెలవులు. ఒక్క రోజు తలుపులు తీయిస్తారా అని అడిగితే పైనుంచి అనుమతి కావాలన్నారు. అనుమతి వచ్చింది. బోట్లు వెళ్లిపోయాక వచ్చింది.

నిద్రపోయే పిల్ల

దుర్గ తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది జూన్‌లోనే నా దగ్గరికి పంపారు. ఫిర్యాదు ఒక్కటే: మొదటి రెండు పీరియడ్లూ నిద్రపోతుంది. మూడో పీరియడ్ నుంచి లెక్కల్లో క్లాసులో ఆమెను మించినవాళ్లు లేరు. లెక్కల టీచరు సరోజిని గారే ఆ మాట అన్నారు. "బంగారం లాంటి బుర్ర. కానీ పొద్దున పూట చూస్తే ఒళ్లు మండిపోతుంది."

నేను మాట్లాడించడంలో అంత గట్టిదాన్ని కాను. పక్కన కూర్చుని ఊరుకుంటాను. ఒక్కోసారి అదే పనికొస్తుంది. మొదటి రోజు దుర్గ ఏమీ చెప్పలేదు. రెండో రోజు మూడింటికి లేస్తానంది. ఎందుకంటే "మెలకువొచ్చేత్తది మేడం" అంది. నాలుగో రోజుకు మొత్తం చెప్పింది.

వాళ్లమ్మ నూకాలమ్మ తెల్లవారకముందే హార్బర్‌కు వెళ్లి వేలంలో చేపలు తీసుకుని, ఆటోలో మార్కెట్‌కు తెచ్చి అమ్ముతుంది. ఎండాకాలంలో, వేట ఆపే ముందు, జెట్టీ మెట్ల మీద జారి పడింది. అప్పట్నుంచి కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవడం లేదు. చేపలు, ఐసు నింపిన టబ్బును ఎత్తి ఆటోలో పెట్టాలి, మార్కెట్ దగ్గర దించాలి. ఆ రెండు పనులకూ దుర్గ వెళ్తోంది. తండ్రి బోటు మీద పోతే పది పదిహేను రోజులకు గానీ ఒడ్డుకు రాడు.

"ఎవలికీ సెప్పకండి మేడం. అమ్మ సంపేత్తది."

"చెప్పను" అన్నాను.

ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటికీ ఒకటో రెండో సాకులున్నాయి. ఇక్కడి నుంచి చెప్పబోయే దానికి లేదు.

ఎర్రయ్య గారి మైకు

ఆ నెలే మాకు రెండు రోజుల ట్రైనింగ్ అయింది. కుటుంబం సమస్యను కుటుంబానికే వదిలేయకూడదని, పేట పెద్దల్ని కలుపుకోవాలని చెప్పారు. నేను శ్రద్ధగా రాసుకున్నాను. నోట్సు బాగా రాసుకునేవాళ్లతో ఉన్న చిక్కే ఇది, రాసుకున్నది ఎక్కడో ఒకచోట వాడాలనిపిస్తుంది.

పేటలో ఎర్రయ్య అనే పెద్దాయన మాట అందరూ వింటారు. తగాదాలు ఆయన అరుగు మీదే తీరతాయి. వెళ్లాను. గోలీ సోడా తెప్పించి ఇచ్చాడు. దుర్గ సంగతంతా చెప్పి, ఎవరైనా నూకాలమ్మకు పొద్దున పూట కాస్త చెయ్యి సాయం చేస్తే పిల్ల చదువుకుంటుందన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"నువ్వేటీ బెంగెట్టుకోకమ్మా. నాను సూసుకుంతాను."

తేలికైన మనసుతో ఇంటికొచ్చాను. ఆయన ఎలా చూసుకున్నాడంటే, ఆ సాయంత్రం రామమందిరం మైకులో పేటంతా వినేలా చెప్పాడు. నూకాలమ్మ చెయ్యి పడిపోయిందనీ, బడికెళ్లే గుంట చేత బరువులు మోయిస్తోందనీ, స్కూలువాళ్లు వచ్చి అడిగేదాకా వచ్చిందనీ, ఇది పేటకే పరువు తక్కువనీ, అందరూ ఆమెను కనిపెట్టుకుని ఉండాలనీ. ఆయన ఉద్దేశం మంచిదే. ఈ ఉద్యోగంలో నాకు ఎదురైన నష్టాలన్నీ మంచి ఉద్దేశం ఉన్నవాళ్ల వల్లే, నన్ను కూడా కలుపుకుని.

నాకు తెలియనిది ఏమిటంటే, మార్కెట్‌లో నూకాలమ్మది మూల చోటు. రెండు వీధుల వాళ్లూ ముందు ఆగేది అక్కడే. అది ఆమె అత్త దగ్గర్నుంచి వచ్చింది, కాగితాలేవీ లేవు. రోజూ వచ్చి కూర్చోగలిగినన్నాళ్లే అది ఆమెది. చెయ్యి పోయిందని తెలిస్తే ఆ చోటు మీద కన్ను పడుతుందని పడ్డప్పట్నుంచీ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తోంది. ఐసు తీసేటప్పుడు కూడా ఎడమచేతి వాటం ఉన్నట్టు నటించిందట. మైకు మోగిన మూడో రోజున ఆ మూలలో ఇంకొకామె టబ్బులు పెట్టుకుని కూర్చుంది.

దుర్గ బడికి రావడం మానేసింది.

ఇంటికి వెళ్లాను. నూకాలమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏటమ్మా, ఇంకేటి మిగిలింది సెప్పడానికి?"

"నేను సాయం చేద్దామనే..."

"నా పిల్ల నీకు నమ్మి సెప్పింది. నువ్వు మైకుకి సెప్పేవు."

"మైకులో చెప్తారని అనుకోలేదండీ."

"మరెందుకెల్లేవు ఆడి కాడికి? ఆ ముసలోడి కాడ ఆ మైకు తప్ప ఇంకేటున్నాది? నా మూల పోయింది. ఇపుడు సందులోపల కూకుంతన్నాను, కుక్కలు తప్ప మనిసి రాడు. రెండు టబ్బులు తేవాల, రెండు సోట్ల తిరగాల. గుంట నాతోనే ఉంటాది. సదువూ వొద్దు, మీరూ వొద్దు. ఎల్లు."

వెళ్లాను. ఆ రోజు డైరీలో తారీఖు తప్ప ఏమీ లేదు.

దసరా దగ్గర పడ్డాక హెడ్మాస్టరు గారు రిజిస్టరు మూసి అన్నారు. "దసరా సెలవుల తర్వాత పది రోజులు చూస్తానమ్మా. రాకపోతే పేరు తీసేయాలి. తొమ్మిదిలో పేరు తీసేస్తే ఆ పిల్ల మళ్లీ రాదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. దానికంటే ఎక్కువగా, ఎవరి వల్ల రాదో కూడా తెలుసు.

జెట్టీ మీద

దసరా సెలవుల్లో హార్బర్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. నాన్న చీకట్లోనే లేచి మోపెడ్ మీద దింపేవాడు. "ఇక్కడ కూడా మీటింగులా?" అన్నాడు మొదటి రోజు.

అక్కడికి వెళ్లి ఏం చేయాలో నాకు తెలియదు. తెలిసిన ఒక్క పని, పక్కన నిలబడి ఊరుకోవడం. జెట్టీ మీద అది కూడా కుదరదు. ఎక్కడ నిలబడినా ఎవరికో అడ్డమే. ఐసు పెట్టెలు లాగేవాళ్లు అరిచారు, తాళ్లు విసిరేవాళ్లు అరిచారు. వేలం పాటలో చెవి గోక్కున్నానని ఒక వంజరం చేప నా పేరు మీద పడబోయింది. నూకాలమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. దుర్గ అసలు చూడలేదు. ఇద్దరూ కలిసి టబ్బును అటూ ఇటూ పట్టుకుని, రెండడుగులకోసారి కింద పెడుతూ, నీళ్లు కారుతుంటే ఆటో దాకా తీసుకెళ్లడం మూడు రోజులు చూశాను. ఒక పక్క పట్టుకుంటానని చెయ్యి వేస్తే నూకాలమ్మ "ముట్టుకోకు" అంది.

ఆరో రోజున దుర్గ ఐసు కోసం వెళ్లినప్పుడు, నూకాలమ్మ టబ్బు అంచు మీద కూర్చుని టీ తాగుతూ నా వైపు చూడకుండానే అడిగింది.

"నీకు ఇంట్లో పనేటీ నేదా?"

"ఉందండీ."

"మరి దయ్యంలాగ ఈడ నిలబడతావేటి?"

"దుర్గ బడికి రావాలండీ."

ఆమె ఇంకొక టీ చెప్పింది. గ్లాసు నా చేతిలో పెట్టి అంది. "మీ మీటింగులకి నాను ఎందుకు రానో ఎప్పుడైనా అడిగేవా?"

"పొద్దున పూట మీకు కుదరదు కదండీ. ఆదివారం అసలే..."

"సాల్లే. రావాలనుకుంటే ఎలాగోలాగొత్తాను. గుంటే ఒద్దంది. ఆరో కలాసులో ఒక్కసారొచ్చేను, ఇలాగే, మార్కెట్టు నుంచి. ఇంటికొచ్చి ఏడిసింది. 'అమ్మా, నువ్వు ఇస్కూలుకి రాకే, అందరూ ముక్కు మూసుకుంతన్నారు' అంది. అప్పుణ్నించి ఎల్నేదు. మీ మేస్టారు నాకు స్రద్ద నేదంతాడట కదా? అననీ. గుంట పరువు కంటే నాకది ఎక్కువేటి?"

ఆ తల్లులందరి గురించీ ఇన్నేళ్లలో నేను రాసిన రిపోర్టుల్లో "అవగాహన లోపం" అనే మాట ఎన్నిసార్లు వాడానో నాకు గుర్తుంది. ఒక్కసారి కూడా పిల్లల్ని అడగలేదు, మీ అమ్మ రావడం నీకు ఇష్టమేనా అని.

క్లాసులో దుర్గ ఎప్పుడూ చివరి బెంచీలోనే ఉండడం అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత సరోజిని గారిని అడిగాను, అక్కడెందుకు కూర్చోబెట్టారని. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేనేమన్నాను? కిటికీ పక్కన కూర్చోమన్నాను. గాలి తగులుతుందని." ఎవరికి గాలి తగలాలనో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాల్సింది. ఇలాంటివి అడగలేకపోవడం మెతకదనం అనుకునేదాన్ని. కాదు. అది పనిలో లోపం. నువ్వు అడుగు.

అప్పన్న

ఇక ఈ కథలో నాకు ఇప్పటికీ ఒళ్లు మండే భాగం.

నూకాలమ్మ రోజూ ఎక్కే ఆటో అప్పన్నది. బలమైన మనిషి. టబ్బు ఎక్కించేంతసేపూ ముందు సీట్లో కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తుంటాడు. అతన్ని తొమ్మిది రోజులు చూశాను. తొమ్మిది రోజులూ మనసులో వాక్యాలు కట్టుకున్నాను. అతన్ని కదిలించడానికి ఆడపిల్లల చదువు గురించి ఎలా మొదలుపెట్టాలి, సముదాయం బాధ్యత గురించి ఎలా చెప్పాలి అని. పదో రోజు వెళ్లి నిలబడేసరికి ఆ వాక్యాలన్నీ పోయాయి.

"అన్నా, ఆ టబ్బు కొంచెం ఎక్కిస్తారా?"

అతను దిగాడు. టబ్బు ఎత్తాడు. లోపల పెట్టాడు. "ఇంకేటి?" అన్నాడు.

"మార్కెట్ దగ్గర దించాలి కూడా. రోజూ."

"దింపుతాను. దాందేటుంది?" నూకాలమ్మ వైపు తిరిగి, "ఏటొదినా, ఇన్నాళ్లూ నోరిప్పనేదు? మైకులో సెప్పినప్పుడు ఆ యెర్రయ్య మామ ఏదో సూసుకుంతాడనుకున్నాను" అన్నాడు.

"నువ్వు కిరికెట్టు సూసుకుంతన్నావు కదా, ఎందుకు పాడుసెయ్యడం అనుకున్నాను" అందామె.

"అయితే రేపట్నించి నీ టబ్బు సూసుకుంతాను. కానీ సిన్న సేపలు నాకు ఏరి పెట్టాలి."

"అబ్బో, సాయమంటే ఇదేటి! కూలి ముందే అడిగేసేడు."

దుర్గ నవ్వింది. జూన్ తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూడడం.

అంతే. ఎన్ని మీటింగులు పెట్టాం, ఎన్ని పోస్టర్లు అంటించాం, ఒక కమిటీ, దానికొక ఉపకమిటీ. నేను పెద్దాయన దగ్గరికెళ్లి ఒక మనిషి బతుకు మీద దెబ్బ కొట్టాను. ఆ పిల్లకు మొదట్నుంచీ కావలసినవి ఒక మనిషి రెండు చేతులు, రోజుకు రెండు నిమిషాలు. పేట అంతా సాయం చేయాలని మైకులో చెప్తే ఎవరూ కదలలేదు, ఎందుకంటే పేట అంతా అంటే ఎవరూ కాదు. ఒక మనిషిని పేరు పెట్టి, ఒక పని చెప్పి అడగాలి. ట్రైనింగ్‌లో ఇది చెప్పరు. చెప్తే రెండు రోజుల ట్రైనింగ్ పది నిమిషాల్లో అయిపోతుంది.

అప్పన్న మాట మీద నిలబడతాడో లేదో నూకాలమ్మ చూసుకున్నాక, సెలవులయ్యాక ఎనిమిదో రోజున దుర్గ బడికి వచ్చింది. మొదటి పీరియడ్‌లో నిద్రపోలేదు. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూమ్‌లో, "మన కమిటీ కృషి ఫలించింది" అన్నారు. మేనేజరు గారు ఫొటో ఉందా అని అడిగింది.

నూకాలమ్మ మూల చోటు తిరిగి రాలేదు. ఇప్పటికీ సందులోపలే కూర్చుంటుంది. ఎర్రయ్య గారితో మాట్లాడి చూస్తానంటే నా వైపు ఒక చూపు చూసింది, ఇక నేను ఆ మాట ఎత్తలేదు. నా లెక్కలో ఈ కేసు గెలుపు కాదు. నీకు ఎవరైనా గెలుపని చెప్తే నమ్మకు.

కార్తీక సోమవారం

మీటింగు ఎప్పుడు పెట్టాలో చివరికి చెప్పింది నూకాలమ్మే. అడిగాను కాబట్టి చెప్పింది. అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు.

"కార్తీకమాసంలో సోమారం సేపలు ఎవలు తింతారు? పొద్దున్న పదికల్లా మాకు పనుండదు. ఆ దినం పెట్టు. ఎవలు రారో నాను సూత్తాను."

"మీరు వస్తారా?"

"దాన్నడగాలి" అని దుర్గ పుస్తకాల సంచి వైపు చూసింది. అడిగిందో లేదో నాకు తెలియదు.

హెడ్మాస్టరు గారికి చెప్పగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "కార్తీక సోమవారమా? నేను ఉపవాసం అమ్మా. స్టాఫ్‌లో సగం మంది ఉపవాసం. ఆ రోజు చేపలవాళ్లను... ఇంకో రోజు దొరకలేదా?"

"ఇంకో రోజు దొరకలేదండీ" అన్నాను. "ఎనిమిదేళ్లు వెతికాం." నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. ఆయన ఒప్పుకున్నారు.

పదిన్నరకు వరండా నిండిపోయింది. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. వండే ఇద్దరు ఆడవాళ్లను ఎవరూ పిలవలేదు, వాళ్లు నిజంగానే వంట చేసుకుంటున్నారు. తల్లులు గట్టిగా మాట్లాడుకుంటున్నారు, పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నారు. అప్పన్న ఆటో రెండు ట్రిప్పులు తిప్పాడు. మొదట ముఖ్య అతిథి రావాలన్నారు. అరగంట చూశాం. ఎవరో, "ఆ బాబొచ్చేలోగా మా గుంటలు పదో కలాసు పాసైపోతారు" అంటే అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు అతిథి లేకుండానే మొదలుపెట్టారు. నా సర్వీసులో అది మొదటిసారి.

ఆయన మాట్లాడుతుండగా నూకాలమ్మ గేటు దగ్గర కనబడింది. ఆ రోజు కూడా తినేవాళ్లు కొంతమంది ఉంటారని కొంచెం సరుకు తెచ్చుకుందట, సగం మిగిలిపోయింది. టబ్బు అప్పన్న దించి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ దాన్ని లోపలికి రానివ్వనన్నాడు. ఆమె టబ్బును గోడ పక్కన ఎండలో వదిలి, ఎక్కడా కూర్చోకుండా వెనక స్తంభం చాటున నిలబడింది. కొంగు నడుం చుట్టూ గట్టిగా బిగించుకుంది, వాసన బయటికి రాకుండా ఉండడానికన్నట్టు.

తొమ్మిదో తరగతి పిల్లలు ఎదురుగా వరుసలో నేల మీద కూర్చున్నారు. దుర్గ తల తిప్పి గేటు వైపు చూసింది. తర్వాత స్తంభం వైపు చూసింది. ఆ పిల్ల ఇప్పుడు తల దించుకుంటే నూకాలమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది, ఇంకెప్పుడూ రాదు. ఈసారి నేను చేయగలిగింది ఏమీ లేదు, చెప్పడానికి ఎవరూ లేరు.

దుర్గ లేచింది. హెడ్మాస్టరు గారు మాట్లాడుతూనే ఉన్నారు. పిల్ల వరుస దాటి గేటు దాకా నడిచి, టబ్బు ఒక అంచు పట్టుకుని ఈడ్వడం మొదలుపెట్టింది. అడుగున గచ్చు గీసుకుని చప్పుడు. వాచ్‌మన్ ఏదో అన్నాడు, వినిపించుకోలేదు. వరండా నీడలోకి, మొదటి వరుస ముందుకు తెచ్చి ఆపింది. కరిగిన ఐసు నీళ్లు హెడ్మాస్టరు గారి చెప్పుల దాకా పాకాయి.

ఆయన మాట ఆగిపోయింది. ఒకసారి టబ్బు వైపు, ఒకసారి తన చెప్పుల వైపు చూశారు. ఆయన ముక్కుపుటాలు కదిలాయి, ఉపవాసం ఉన్న మనిషి.

"ఏమిటిది? ఎవరిదీ?"

సరోజిని గారు, "దుర్గా!" అన్నారు.

పిల్ల చేతులు పావడాకు తుడుచుకుంది. తర్వాత స్తంభం వైపు చెయ్యి చాచి, క్లాసులో జవాబు చెప్పేంత స్పష్టంగా చెప్పింది.

"మా అమ్మది సార్. ఎండలో ఉంటే పాడైపోతాయి. అమ్మా, ఇలా ముందుకొచ్చి కూకో."